పర్చేజ్ ఆర్డర్ పేరుతో వచ్చిన ట్రోజన్: గుంటూరు మిర్చి ఎగుమతి ఆఫీసు కేసు

శనివారం సాయంత్రం ఆరున్నరకి ఫోన్. "ఏందయ్యా, మన మెయిల్ నుంచే ఎవరో బ్యాంకు ఖాతా మార్చామని రాశారంట. మలేసియా పార్టీ ఇప్పుడే ఫోన్ చేశాడు. ఉన్నపళంగా రా."

2023 మార్చి అది. గుంటూరు యార్డుకి కొత్త మిర్చి ముంచెత్తే రోజులు. ఆ ఎగుమతి ఆఫీసులో ఆరు కంప్యూటర్లున్నాయి, వాటి నిర్వహణ నాదే. చిన్న ఆఫీసులకు సిస్టమ్‌లు పెట్టడం, ఏడాది కాంట్రాక్టు మీద చూసుకోవడం నా పని. ఈ కేసులో దొంగ ఎవరో నాకు తెలీదు, ఎప్పటికీ తెలీదు కూడా. తలుపు గడియ సరిగ్గా వెయ్యనిది మాత్రం చాలావరకు నేనే. అందుకే రాస్తున్నాను.

మలేసియా కొనుగోలుదారుకి వచ్చిన మెయిల్ నకిలీ అడ్రసుది కాదు. మా ఆఫీసు అసలు మెయిల్‌బాక్స్ నుంచే వెళ్లింది. "మా ఖాతాలో ఆడిట్ నడుస్తోంది, ఈ కంటైనర్ తాలూకు బాకీ కింది ఖాతాకి పంపండి" అని ఉంది. జత చేసిన ప్రొఫార్మా ఇన్వాయిస్‌లో లోగో మాది, స్టాంపు మాది, సంతకం మాది. బ్యాంకు వివరాలు నాలుగు లైన్లు మాత్రం వేరు. అవతలి ఆఫీసులో అకౌంట్స్ చూసే ఆయనకి ఒకటే అనుమానం వచ్చింది: గుంటూరు సరుకుకి డబ్బు ఇంకో దేశంలోని బ్యాంకుకి ఎందుకు? మెయిల్‌కి జవాబు రాయకుండా, తన దగ్గరున్న పాత నంబరుకి ఫోన్ చేశాడు. మెయిల్‌లోనే అడిగుంటే "అవును, మార్చాం" అని దొంగే జవాబిచ్చేవాడు. డబ్బు దక్కడానికి కారణం ఆ ఒక్క ఫోన్. నేను పెట్టిన ఏ సాఫ్ట్‌వేరూ కాదు.

వెళ్లేసరికి

నేను చేరేలోపు రెండు పనులు జరిగిపోయాయి. యజమానిగారి అబ్బాయి చురుకైనవాడు, ఫోన్ రాగానే మెయిల్ పాస్‌వర్డ్ మార్చేశాడు. మంచిదే. కానీ అకౌంట్స్ కంప్యూటర్లోనే మార్చాడు. నలభై నిమిషాల్లో కొత్త పాస్‌వర్డ్‌తో విదేశీ ఐపీ నుంచి మళ్లీ లాగిన్ అయినట్టు వెబ్‌మెయిల్ లాగ్‌లో కనిపించింది. మీటలు నొక్కుతుంటే పక్కన కూర్చుని రాసుకునేవాడు ఇంకా ఆ మెషీన్‌లోనే ఉన్నాడన్నమాట. రెండోది, యజమానిగారు "ముందు ఫార్మాట్ కొట్టెయ్" అని కూర్చున్నారు. మా వృత్తిలో ఈ మాట రోజూ వింటాం. ఏం పోయిందో తెలియకుండా ఫార్మాట్ కొడితే, దొంగతనం జరిగిన ఇంటికి పోలీసులు రాకముందే సున్నం వేసినట్టు. "ఒక్క గంట ఆగండి" అని బతిమాలాను.

ఆఫ్ చెయ్యలేదు. ముందు నెట్‌వర్క్ కనెక్షన్లు చూపించే టీసీపీవ్యూ అనే చిన్న ప్రోగ్రామ్ పెట్టి ఐదు నిమిషాలు చూశాను. రెగ్‌ఎస్‌వీసీఎస్ అనే ప్రాసెస్ బయటి సర్వర్‌తో 587 పోర్టులో మాట్లాడుతోంది. ఆ పేరుతో ఉన్నది మైక్రోసాఫ్ట్ వాళ్ల అసలైన ఫైలే, డాట్‌నెట్‌తో పాటు వస్తుంది. కానీ 587 అనేది మెయిల్ పంపే పోర్టు. ఆ ఫైలుకి మెయిల్ పంపాల్సిన పనేమిటి? ఫోన్‌తో ఫొటో తీసుకుని అప్పుడు లాన్ వైరు పీకాను. తర్వాత ప్రోగ్రామ్‌లను వేళకి వాటంతటవే నడిపించే టాస్క్ షెడ్యూలర్ తెరిస్తే, అప్‌డేట్స్ అనే ఫోల్డర్ కింద అర్థంలేని అక్షరాల పేరుతో ఒక టాస్క్ ఉంది. అది యాప్‌డేటా రోమింగ్ అనే యూజర్ ఫోల్డర్లో దాగిన ఒక ఈఎక్స్ఈని, అంటే నేరుగా నడిచే ప్రోగ్రామ్ ఫైలుని, లాగిన్ అయిన ప్రతిసారీ నడుపుతోంది. ఆ ఫైలు హ్యాష్‌ని, అంటే దాని వేలిముద్ర లాంటి సంఖ్యని, నా లాప్‌టాప్ నుంచి వైరస్‌టోటల్‌లో వెతికాను, చాలా యాంటీవైరస్‌ల తీర్పు ఒకచోట చూపించే సైటు అది. ఫైలును అప్‌లోడ్ చెయ్యలేదు, హ్యాష్ మాత్రమే ఇచ్చాను. ఖాతాదారుల కాగితాలున్న ఆఫీసు నుంచి ఏదీ అలాంటి చోట్ల పెట్టకూడదని నా నియమం. ఎక్కువ యాంటీవైరస్‌లు ఒకే పేరు చెప్పాయి: ఏజెంట్ టెస్లా.

2014 నుంచీ తిరుగుతున్న పాత దొంగ ఇది, మంచి ఫైలు వేషంలో లోపలికి దూరే ట్రోజన్ జాతి. ఒకప్పుడు "నిఘా సాఫ్ట్‌వేర్" ముసుగులో నెలవారీ చందాకి బాహాటంగా అమ్మేవాళ్లు. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రకం కాదు. బ్రౌజర్లోనూ అవుట్‌లుక్‌లోనూ దాచుకున్న పాస్‌వర్డ్‌లు, నొక్కిన ప్రతి మీట, అప్పుడప్పుడు తెర బొమ్మ, ఇవన్నీ మూటగట్టి చాలాసార్లు మామూలు ఈమెయిల్‌గానే తనని పంపిన దొంగకి చేరవేస్తుంది. తెర మీద ఏమీ కనపడదు, కంప్యూటర్ నెమ్మదించదు. అందుకే తొమ్మిది రోజులు ఎవరికీ తెలీలేదు.

తొమ్మిది రోజుల వెనక్కి

ముందటి వారం గురువారం ఉదయం పదకొండు నలభైకి ఒక మెయిల్ వచ్చింది. విషయం: సవరించిన పర్చేజ్ ఆర్డర్, అర్జంట్. పంపింది పేరు వినని ఒక ట్రేడింగ్ కంపెనీ. సంబోధనలో మా ఆఫీసు పేరు లేదు, వాళ్లకి కావలసిన సరుకు పేరూ లేదు. గంపగుత్తగా వేల మందికి కొట్టిన స్పామ్ అని ఇప్పుడు చదివితే తెలిసిపోతుంది. కానీ సీజన్లో ఆ మెయిల్‌బాక్స్‌కి రోజుకి నలభై యాభై మెయిళ్లొస్తాయి, సగం ముక్కూ మొహం తెలియని వాళ్లవే. తెలియనివాడి అటాచ్‌మెంట్ తెరవొద్దంటే ఎగుమతి వ్యాపారం మానుకోమన్నట్టే.

అటాచ్‌మెంట్ ఒక రార్ ఫైలు, జిప్ లాంటి కట్ట. దాన్ని విప్పితే పీడీఎఫ్ బొమ్మతో ఒక ఫైలు. అకౌంట్స్ అమ్మాయి డబుల్ క్లిక్ చేసింది. ఏమీ తెరుచుకోలేదు. మళ్లీ నొక్కింది, మూడోసారి నొక్కింది. తర్వాత మేనేజర్‌గారికి ఫార్వర్డ్ చేసి "సార్, నా సిస్టంలో ఓపెన్ అవట్లేదు, మీదాంట్లో చూడండి" అంది. ఆయనా నొక్కారు. అలా రెండు మెషీన్లు. ఈ ముచ్చట ప్రతి కేసులోనూ ఉంటుంది. తెరుచుకోని అటాచ్‌మెంట్ చేతులు మారుతూ, ఎక్కడో ఒకచోట పనిచేసేదాకా ఆఫీసంతా తిరుగుతుంది. అప్పటికే మొదటి చోట పనిచేసిందని ఎవరికీ తోచదు.

యజమానిగారు ఆ అమ్మాయి మీద కేకలేశారు. నేను అడ్డుపడాల్సి వచ్చింది. వచ్చిన ఆర్డర్లు తెరవడమే ఆ అమ్మాయి ఉద్యోగం. ఆయనకి అర్థమయ్యే భాషలో చెప్పాను: "యార్డులో మిర్చి టిక్కీ బస్తా పైన ఎర్రటి తేజ రకం పరిచి, లోపల తాలు కాయ కూరితే మీరు పై కాయ చూసి కొంటారా? మధ్యలో చెయ్యి పెట్టి లాగుతారు గదా. ఈ పిల్లకి మనం చెయ్యిపెట్టే వీలే ఇవ్వలేదండీ. పై గుడ్డ మాత్రమే చూపించాం."

అది మాటవరసకి అన్నది కాదు. విండోస్‌లో తెలిసిన ఫైలు రకాల ఎక్స్‌టెన్షన్, అంటే పేరు చివర రకం చెప్పే ముక్క, దాచిపెట్టడం చాలాకాలంగా ఉన్న అలవాటు. ఆ ఫైలు అసలు పేరు చివర పీడీఎఫ్, ఆ వెనక ఈఎక్స్ఈ. వెనకది దాగింది, ముందుది కనిపించింది, బొమ్మ కూడా దానికి తగ్గట్టే ఉంది. ఎక్స్‌టెన్షన్లు చూపించమని ఒక్క టిక్కు పెట్టాల్సింది ఎవరు? నేను.

ఇంకా ఉంది. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైలుకి విండోస్ వెనకవైపు ఒక ముద్ర వేస్తుంది, మార్క్ ఆఫ్ ది వెబ్ అంటారు. ఆ ముద్ర ఉంటేనే స్మార్ట్‌స్క్రీన్ "ఇది తెలియని ప్రోగ్రామ్" అని అడ్డుపడుతుంది, వర్డ్, ఎక్సెల్ పసుపు పట్టీతో తెరుస్తాయి. కట్ట విప్పే ప్రోగ్రామ్ ఆ ముద్రను లోపలి ఫైళ్లకి కూడా అంటించాలి. ఆ ఆఫీసంతటికీ నేను పెట్టింది సెవెన్‌జిప్ పాత వెర్షన్. 2022 జూన్‌లో వచ్చిన వెర్షన్ 22 దాకా దానికి ఆ విద్యే తెలీదు. ఆ తర్వాత వచ్చిన వాటిలోనూ మనం సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చేస్తే తప్ప అంటించదు. మొదటి కట్టపై ఉన్న ముద్ర విప్పగానే రాలిపోయింది, స్మార్ట్‌స్క్రీన్ నోరెత్తలేదు.

మరి విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్? ఆన్‌లోనే ఉంది. కానీ అంతకు ఏడాది ముందు డిజిటల్ సంతకం యుటిలిటీ ఒకదాన్ని అది పదేపదే తొలగిస్తుంటే, విసుగొచ్చి డీ డ్రైవ్ మొత్తాన్ని స్కాన్ నుంచి మినహాయించాను. ఒక్క ఫైలుకి ఇవ్వాల్సిన మినహాయింపు డ్రైవంతటికీ ఇచ్చాను. మెయిల్ అటాచ్‌మెంట్లన్నీ సేవ్ అయ్యేది ఆ డీ డ్రైవ్‌లోనే. మీలో ఎవరైనా ఇతర ఆఫీసుల సిస్టమ్‌లు చూస్తుంటే, ఇది చదవడం ఆపి డిఫెండర్ మినహాయింపుల చిట్టా ఒకసారి తెరిచి చూడండి. నేనూ ఆ వారమంతా మిగతా ఆఫీసుల్లో అదే పని చేశాను. ఎక్కడెక్కడ ఏం దొరికిందో చెప్పను, నా పరువు.

పోయిందేమిటి

ఏం పోయిందో తెలుసుకోవడానికి సులువైన దారి బ్రౌజర్లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌ల చిట్టానే. అందులో ఉన్నవన్నీ పోయినట్టే లెక్క. క్రోమ్ వాటిని గుప్తలిపిలోనే దాస్తుంది, కానీ ఆ తాళం అప్పట్లో విండోస్ యూజర్ ఖాతాతో మాత్రమే ముడిపడి ఉండేది. ఆ యూజర్‌గా నడిచే ఏ ప్రోగ్రామైనా తాళం అడిగి తీసుకోగలిగేది. అందుకే "అడ్మిన్ హక్కులు తీసేస్తే చాలు" అనే సలహా ఈ జాతి ట్రోజన్ల ముందు నిలవదు. అడ్మిన్ కాని ఖాతాలోనూ ఇది హాయిగా నడుస్తుంది, దానికి కావలసిన సరుకంతా ఆ ఖాతాలోనే ఉంది కాబట్టి. అడ్మిన్ హక్కులు తియ్యాలి, తీశాను కూడా. కానీ దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు.

రెండు మెషీన్లలో కలిపి అరవైకి పైగా పాస్‌వర్డ్‌లు దొరికాయి. బ్యాంకు, జీఎస్‌టీ, కస్టమ్స్ ఐస్‌గేట్, షిప్పింగ్ లైన్ల వెబ్‌సైట్లు, చివరికి సీసీ కెమెరా డబ్బాది కూడా. వీటిలో దొంగ వాడింది మెయిల్ పాస్‌వర్డ్ ఒక్కటే. ఆరో రోజున వెబ్‌మెయిల్‌లోకి వచ్చాడు. డొమైన్ కొన్న చోటే చవగ్గా ఇచ్చిన మెయిల్ అది, పాస్‌వర్డ్ తప్ప రెండో తాళం లేదు. రెండు రోజులు ఊరికే చదివాడు. మలేసియా పార్టీ నుంచి వచ్చే మెయిళ్లన్నీ బయటి అడ్రసుకి వెళ్లి, ఇన్‌బాక్స్‌లోంచి మాయమయ్యేలా ఒక ఫిల్టర్ రాశాడు. శుక్రవారం రాత్రి బ్యాంకు మార్పు మెయిల్ కొట్టాడు. మన ఆఫీసు మూసి ఉన్నప్పుడు, వాళ్లకి వారాంతం ముందు. మన వ్యాపారం వేళాపాళా మనకంటే బాగా చదివాడు.

మెయిల్‌బాక్స్ దొంగ చేతికి చిక్కితే అందరం పాస్‌వర్డ్ మారుస్తాం, ఫిల్టర్లు చూడం. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ అలాగే పనిచేస్తుంది, ఉత్తరాలు దొంగకి చేరుతూనే ఉంటాయి. నేనూ మొదటి గంటలో చూడలేదు. "వాళ్ల మెయిల్ ఒక్కటీ రావట్లేదన్నా, గురువారం నుంచి" అని ఆ అమ్మాయే అంటే అప్పుడు వెతికాను.

ఆ రాత్రి పని ఇలా సాగింది. పాస్‌వర్డ్‌లన్నీ నా లాప్‌టాప్ మీద, ఫోన్ డేటాతో మార్చాం, ముందు మెయిల్, తర్వాత బ్యాంకు, ఆపైన మిగతావి. మార్చిన ప్రతిచోటా పాత లాగిన్లన్నిటినీ బయటికి నెట్టాం, లేదంటే దొంగిలించిన కుకీతో (లాగిన్ అయ్యామని బ్రౌజర్ దాచుకునే చీటీ) తలుపు తెరిచే ఉంటుంది. డిజిటల్ సంతకం టోకెన్‌లోంచి కీ బయటికి రాదు, కానీ పిన్ మీటల్లోంచే కొడతాం కదా, అదీ మార్చాం. బ్యాంకు హెల్ప్‌లైన్‌కి చెప్పి ఆన్‌లైన్ బదిలీలు తాత్కాలికంగా ఆపించాం. మిగతా కొనుగోలుదారులందరికీ యజమానిగారే ఫోన్లు చేశారు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. డబ్బు వెళ్లిపోయి ఉంటే మొదటి ఫోన్ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కే చెయ్యాలి, ఆ దారిలో గంటలు కాదు నిమిషాలు లెక్క. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం ప్రకారం ఇలాంటివి గమనించిన ఆరు గంటల్లోపు వాళ్లకీ తెలియజెయ్యాలి. చిన్న ఆఫీసుల్లో ఈ సంగతి వినేవాళ్లే తక్కువ.

అప్పుడు కొట్టాం ఫార్మాట్, రెండు మెషీన్లకీ. ట్యాలీ డేటా, కాగితాలు మాత్రమే తిరిగి ఎక్కించాం, ప్రోగ్రామ్ ఒక్కటీ పాత డిస్కు నుంచి తేలేదు. మేనేజర్‌గారి మెషీన్‌లో అప్‌డేట్లు లేని, కొనకుండా వేసుకున్న దొంగ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2010 బయటపడింది. ఈసారి దారి అది కాదు, అయినా ఒళ్లు జలదరించింది. అందులో గణిత సూత్రాలు రాసే ఈక్వేషన్ ఎడిటర్ లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2017 నవంబర్‌లో సరిచేసింది, 2018 జనవరిలో ఆ ముక్కనే పీకేసింది. ఆ ప్యాచ్ లేని చోట డాక్యుమెంట్ తెరిస్తే చాలు, మాక్రో (డాక్యుమెంట్‌లోనే ఉండే చిన్న ప్రోగ్రామ్) అనుమతి కూడా అడక్కుండా ట్రోజన్ దిగుతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా స్పామ్‌లో ఆ ఫైళ్లు వస్తూనే ఉన్నాయంటే, ప్యాచ్ లేని ఆఫీసులు ఇంకా ఉన్నట్టే.

తెరిచినా ఏమీ కాకుండా

ఇక్కడ యజమానిగారికీ నాకూ వాదన జరిగింది. ఖరీదైన యాంటీవైరస్ కొందామని ఆయన. స్టాఫ్‌కి క్లాసు పీకమని వాళ్లబ్బాయి. రెండూ కాదన్నాను. అటాచ్‌మెంట్ తెరవడం ఆపలేం, తెరిచినా నడవకుండా చెయ్యాలి.

ఎందుకంటే కట్ట మారుతూనే ఉంటుంది. ఎమోటెట్ సంగతి చూడండి. 2014లో బ్యాంకు ట్రోజన్‌గా మొదలై, తర్వాత మన పాత మెయిల్ సంభాషణకే జవాబుగా వచ్చే విద్య నేర్చింది. మేకవన్నె పులి. కొన్నిసార్లు అటాచ్‌మెంట్‌ని పాస్‌వర్డ్ వేసిన జిప్‌లో పెట్టి, ఆ పాస్‌వర్డ్ మెయిల్‌లోనే రాసేది, దారిలో ఏ స్కానరూ విప్పలేకుండా. 2021 జనవరిలో యూరోపోల్, ఇతర దేశాల పోలీసులు కలిసి దాని సర్వర్లు పట్టుకున్నారు, నవంబర్‌కల్లా తిరిగొచ్చింది. 2022లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలు ఆపేసింది. దొంగలు డిస్కు నకళ్లయిన ఐఎస్ఓ ఫైళ్లకీ షార్ట్‌కట్ ఫైళ్లకీ మారారు. 2023 మొదట్లో వన్‌నోట్ ఫైళ్లు పట్టుకున్నారు. "ఫలానా రకం తెరవొద్దు" అని పాఠం చెబితే, ఆ పాఠం ఆరు నెలల్లో పాతబడుతుంది.

మారనిది ఒకటే. చాలాసార్లు చివరికి ఏదో ఒక ప్రోగ్రామ్ యూజర్ ఫోల్డర్లోంచి నడవాలి. కాబట్టి ఏ ప్రోగ్రామ్ నడవాలో నిర్ణయించే విండోస్ యాప్‌లాకర్‌తో ఆ దారి మూసేశాను. విండోస్ ఫోల్డర్, ప్రోగ్రామ్ ఫైల్స్, ఈ రెండు చోట్ల ఉన్నవే నడుస్తాయి. డౌన్‌లోడ్స్, యాప్‌డేటా, డీ డ్రైవ్, పెన్‌డ్రైవ్, ఎక్కడినుంచీ ఈఎక్స్ఈ గానీ స్క్రిప్టు గానీ నడవదు. ఇప్పుడు అడ్మిన్ హక్కులు తియ్యడానికి అర్థం వచ్చింది, ఎందుకంటే ఆ రెండు ఫోల్డర్లలో, లోపలి కొన్ని ఫోల్డర్లు తప్ప, మామూలు యూజర్ ఏమీ రాయలేడు. మొదటి వారం నరకం. కస్టమ్స్ యుటిలిటీ ఒకటి యాప్‌డేటాలోంచే నడుస్తుంది, వీడియో కాల్ ప్రోగ్రామ్ ఇంకోటి అక్కడే కూర్చుంటుంది. ఒక్కోదాన్ని దాని సంతకం చూసి అనుమతించాను. ఈసారి డ్రైవంతా కాదు.

మెయిల్‌ని రెండో తాళం ఉన్న సర్వీసుకి మార్చాం, నలుగురూ ఒకే పాస్‌వర్డ్ వాడటం ఆపి ఎవరిది వాళ్లకి ఇచ్చాం. అటాచ్‌మెంట్ ముందు బ్రౌజర్ ప్రివ్యూలోనే చూడాలని అలవాటు చేశాం. నిజమైన పీడీఎఫ్ అక్కడే కనిపిస్తుంది, ప్రోగ్రామ్ కనిపించదు. ప్రివ్యూ రాకపోతే డౌన్‌లోడ్ వద్దు, నాకు ఫోన్. డిఫెండర్‌లో మెయిల్ నుంచి దిగిన ప్రోగ్రామ్‌లను అడ్డుకునే రూలు ఒకటుంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, దాన్నీ ఆన్ చేశాను. జావాస్క్రిప్ట్, వీబీస్క్రిప్ట్ ఫైళ్లు నొక్కితే నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునేలా మార్చాను. ఇవన్నీ కలిపి ఖర్చు మెయిల్ సర్వీసు చందా ఒక్కటే.

ఇన్వాయిస్ అడుగున ఒక లైను యజమానిగారే చేర్పించారు: మా బ్యాంకు ఖాతా మెయిల్ ద్వారా మారదు.

ఇంత చిన్న ఆఫీసుకి ఇదంతా ఎక్కువ కాదా అని ఇంకో వ్యాపారి అడిగాడు. 2022 జనవరిలో హైదరాబాద్ మహేశ్ కో-ఆపరేటివ్ బ్యాంకు నుంచి రూ.12.48 కోట్లు వెళ్లిపోయాయి. దాని మొదలు కూడా ఉద్యోగులకు వచ్చిన ఫిషింగ్ మెయిళ్లే అని పోలీసులు చెప్పారు. ఆ మెయిళ్ల ద్వారా దూరం నుంచి కంప్యూటర్‌ని ఆడించే ట్రోజన్ దిగింది. రిజర్వ్ బ్యాంకు ఆ తర్వాత రూ.65 లక్షల జరిమానా వేసింది. అక్కడైనా మా మిర్చి ఆఫీసులోనైనా తలుపు ఒకటే, లోపలున్న పెట్టె సైజు వేరు, అని చెప్పాను. ఆ వ్యాపారి ఇంకా దొంగ ఆఫీస్ 2010తోనే ఉన్నాడు.

జూన్‌లో నెలవారీ చూపుకి వెళ్లినప్పుడు ఈవెంట్ లాగ్ తెరిచాను. యాప్‌లాకర్ ఒక ఈఎక్స్ఈని ఆపిన ప్రతిసారీ 8004 నంబరుతో ఒక పద్దు పడుతుంది. అకౌంట్స్ అమ్మాయి మెషీన్ శుభ్రంగా ఉంది. యజమానిగారి లాప్‌టాప్‌లో ఒకే నిమిషంలో నాలుగు పద్దులున్నాయి, నాలుగూ డౌన్‌లోడ్స్‌లోని ఒకే ఫైలువి. ఆయన వైపు చూశాను.

"ఏదో కొరియర్ వాళ్ల బిల్లు అనుకున్నాలేవయ్యా," అన్నారు. "ఎంత నొక్కినా తెరుచుకోలా."